మికాయేలాను పంపే సంగతి

గ్వాటెమాలా నగరం

తొమాసా పిన్నికి,

ఈ ఉదయం భోజనశాల తలుపు మీది నా ఫొటో ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. నేనే మళ్లీ అంటించాను. మన నేత రవికెలో నేను, పక్కన నవ్వుతూ ముగ్గురు, కింద "ఈ సాంకేతిక విశ్వవిద్యాలయం అందరిదీ" అని అక్షరాలు. మన ఊరి బడిలోనూ అదే పెట్టారట. అది చూసి చెల్లి మికాయేలా ఇక్కడే ఇంజనీరింగ్ చదువుతానంటోందని రాశావు, పంపనా అని అడిగావు.

ఆ ముగ్గురినీ ఫొటో తీసిన రోజు తర్వాత మళ్లీ చూడలేదు. మొదటి వారం తరగతివాళ్లతో కలిసి తిన్నాను. తిన్నాక, మనింట్లోలాగే, బల్ల దగ్గరున్న ఒక్కొక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పి లేచాను. ఇంతకుముందు నేనుండి చదివిన సిస్టర్ల కాన్వెంటులోనూ అంతే కాబట్టి అంతటా అంతేననుకున్నాను.

"మేమేం వండిపెట్టామమ్మా? నీ చిక్కుళ్లు నువ్వే కొనుక్కుంటివి" అన్నాడు రొద్రీగో అనే అబ్బాయి. అప్పటినుంచి నేను కనిపిస్తే, "ధన్యవాదాలమ్మ వస్తోంది, లేవండర్రా" అంటారు. చెడ్డవాళ్లు కారు. నేనే విడిగా తింటున్నాను.

చదువు మంచిది, పిన్నీ. వద్దని రాస్తే అన్యాయం. రమ్మని రాయబోతే, మికాయేలా కోసమా, నా కోసమా అని చెయ్యి ఆగిపోతోంది. నువ్వే ఆలోచించి చెప్పు.

నా గదిలో ఉండే అమ్మాయి మార్చిలో వేరే గది అడిగి తీసుకుంది. రెండో మంచం ఖాళీగా ఉంది.