పెట్టె నంబరు పద్నాలుగు వేలాడుతున్న గోడ గురించి

కె. మాసయ్య, సీడు పత్తి రైతు,
పెట్టె నంబరు 14 గల ఇల్లు, గద్వాల మండలం నుండి,

నియమపాలన, నైతిక ప్రవర్తన విభాగం అధికారి గారికి,
విత్తనాల కంపెనీ ప్రధాన కార్యాలయం, హైదరాబాదు.

సెప్టెంబరు 2007

అయ్యా,

విషయం: నా ఇంటి గోడకు తగిలించిన ఫిర్యాదుల పెట్టెను తీసివేయుట గురించి, పెట్టె తెరిచిన నాడు జరిగినది ఊరి వారికి తమరే చెప్పించుట గురించి, మరియు గోడ గడియారం వాపసు తీసుకొనుట గురించి.

తమ సమక్షానికి మనవి చేసుకొనునది ఏమనగా, నేను రెండెకరాలలో తమ కంపెనీకి విత్తనం పండించే సీడు పత్తి వేసిన రైతును. ఈ అర్జీని తమ పెట్టెలో వేయలేదు. గద్వాల పోస్టాఫీసులోనూ వేయడం లేదు. అక్కడ మా ఆర్గనైజరు నాగప్ప గారికి తెలిసినవారు ఉన్నారు. దినాలకు పోతున్నానని చెప్పి వనపర్తికి పోయి వేస్తాను. దయచేసి దీనిని విచారణ నిమిత్తం మా ఊరిలో ఉన్న తమ ఫీల్డు ఆఫీసరుకు పంపవద్దు. పంపే ఉద్దేశం ఉంటే ఇక్కడి నుండి చదవవద్దు.

1. గత వేసవిలో తమరు మా ఊరికి వచ్చి, నాగప్ప గారి గోదాములో సభ పెట్టి, కంపెనీ నైతిక నియమావళి చదివి వినిపించారు. పిల్లలను పనిలో పెట్టరాదు, మందు కొట్టే చేనిలో ఆ రోజు మనుషులు ఉండరాదు, తప్పు జరిగితే ఎవరైనా పేరు చెప్పకుండా పెట్టెలో వేయవచ్చు, వేసినవారికి ఏ హానీ జరగదు అన్నారు. నాగప్ప గారు పెట్టెను తన ఇంటికే తగిలిస్తానన్నారు. మాకు విత్తనం వచ్చేది ఆయన చేతి మీదుగా, పండిన గింజ పోయేదీ ఆయన చేతి మీదుగానే. ఆయన కూడా సీడు వేస్తారు. తమరు ఒప్పుకోలేదు, అది మంచిదే. బోరింగు దగ్గర నలుగురూ నడిచే తోవలో ఉన్నదని నా గోడను చూపించారు. నన్ను రైతు ప్రతినిధి అన్నారు. నేను సంతకం పెట్టాను. నియమావళి పూర్తిగా చదివి అర్థం చేసుకొన్నాను అన్నచోట కూడా పెట్టాను. చదివే సమయం ఇవ్వలేదు.

2. పెట్టె నా గోడకు ఉన్నది గాని తాళంచెవి నా దగ్గర లేదు. ఒకటి తమ వద్ద, ఒకటి ఫీల్డు ఆఫీసరు వద్ద ఉన్నవి. ఫీల్డు ఆఫీసరు ఉండేది నాగప్ప గారి మేడ మీది గదిలో. తినేది కూడా అక్కడే. ఆ అబ్బాయి చెడ్డవాడని నేను అనడం లేదు. అన్నం పెట్టే ఇంటి మీద ఫిర్యాదు ఎట్లా రాస్తాడని మాత్రం అంటున్నాను.

3. పెట్టె ఎర్రగా ఉండటం వలన, దానికి తాళం ఉండటం వలన, అది సర్కారుదనుకొని జనం తోచినవి వేశారు. మొదటిసారి తెరిస్తే పింఛను అర్జీలు, రేషను చక్కెర తక్కువ తూగిందని ఒకటి, బోరింగు బాగుచేయమని ఒకటి, పూణెలో ఉన్న తమ్మునికి స్టాంపు లేని ఉత్తరం ఒకటి వచ్చాయి. ఫీల్డు ఆఫీసరు అన్నిటినీ ఫిర్యాదుల కింద రాసుకొన్నాడు. అన్నీ పరిష్కారమయ్యాయని కూడా రాశాడు. బోరింగు నేటికీ ఎంత కొట్టినా నీళ్లు పోయదు. ఫిర్యాదులు బాగా వచ్చిన పెట్టె మాదేనని తమ కార్యాలయం నుండి నాకు గోడ గడియారం వచ్చింది. నాగప్ప గారే జనం ముందర ఇచ్చారు.

"తీస్కో మాసయ్యా. కంపెనీకి నీలెక్క పనిజేసెటోళ్లే గావాలె" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టేటప్పుడు ఎవరు నన్ను ఎట్లా చూశారో అప్పుడు గమనించలేదు.

4. శ్రావణంలో క్రాసింగు మొదలైంది. తమకు తెలియనిది కాదు, ముందటి సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు ఒలిచి ఎర్ర కాగితం తొడగాలి, మరునాడు పొద్దున వాటికి మగ పువ్వు పుప్పొడి అద్ది దారం కట్టాలి. ఎండ ఎక్కితే ఆ పువ్వు పనికిరాదు. ఎవరి పని ఎట్లా ఉన్నదో తెలియాలని నాగప్ప గారు ఒక్కో కూలీ గుంపుకు ఒక్కో రంగు దారం ఇస్తారు. నాకు వచ్చే గుంపులో సగం మంది నాగప్ప గారి చేనిలో, సగం మంది నా చేనిలో చేస్తారు. ఆ గుంపును నడిపించే ఒక స్త్రీ ఒకనాడు మా ఇంటికి వచ్చింది. పేరు రాయడం లేదు.

"మాసన్నా, డబ్బల ఏస్తే ఎవరేసిన్రో ఎవ్వరికి ఎర్క గాదంట. నిజమేనా?"

"నిజమే అక్కా. సారు చెప్పిండు గద."

"సారు చెప్పిండు. నువ్వు జెప్పు."

నేను నిజమేనన్నాను. అప్పుడు సంగతి చెప్పింది. నాగప్ప గారి చేనిలో తాము మొగ్గలు ఒలుస్తుండగానే పక్క సాళ్లలో మందు కొట్టించారట. లేచిపోతామంటే నాగప్ప గారు, గాలి అటు దిక్కు పోతుంది, కూర్చోండి అన్నారట. ఇద్దరికి వాంతులై గద్వాల దవాఖానకు పోయారట. దీనిని కాగితం మీద రాసి ఇమ్మన్నది. నా చేతిరాత ఫీల్డు ఆఫీసరుకు తెలుసు. వచ్చే ఏడు నాకు విత్తనం రావలసింది నాగప్ప గారి నుండే. రాయనన్నాను. నీ పేరు ఎవరికీ చెప్పనని మాత్రం అన్నాను.

"రాయనోనివి, గోడకెందుకు పెట్టుకుంటివన్నా?" అని పోయింది.

5. రెండవసారి పెట్టె తెరిచింది మిట్టమధ్యాహ్నం. ఊరంతా చేన్లలో ఉన్నది. నాగప్ప గారు మా అరుగు మీద కూర్చున్నారు. పెట్టెలో ఈసారి కాగితాలు లేవు. మొగ్గకు తొడిగే ఎర్ర కాగితంలో మందు డబ్బా మూత ఒకటి చుట్టి ఉన్నది. ఆ స్త్రీకి రాయడం రాదు గనుక వస్తువునే వేసింది. పొద్దంతా చేసే పని చేతికి అలవాటై, పొట్లానికి దారం కూడా కట్టింది. ఆ గుంపుది పసుపు దారం.

ఫీల్డు ఆఫీసరుకు అర్థం కాలేదు. పారేయబోయాడు. నాగప్ప గారు అందుకొని, మూతను వాసన చూసి, దారాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు.

"గీ పసుపు దారం ఎవరిదో నాకెర్కే" అని నవ్వి, మూతను జేబులో వేసుకొన్నారు.

ఫీల్డు ఆఫీసరు ఆనాడు రాసుకొన్నది, ఫిర్యాదులు ఏమీ రాలేదు అని.

6. మరునాటి నుండి ఆ గుంపు కోసం నాగప్ప గారి ట్రాక్టరు రాలేదు. ఆయన వేరే గుంపును పెట్టుకొన్నారు. ఆ స్త్రీ తన సంగతి చెప్పుకొన్నది నా ఒక్కడికే. కనుక ఆ మాట ఆయనకు మోసింది నేనేనని తేల్చుకొని, నా చేనికి కూడా రావడం మానుకొన్నారు. నేను పోయి దారం సంగతి చెప్పాను.

"దారం జెప్పిందా? దారానికి నోరున్నదా మాసన్నా? నోరున్నది నీకు. గడియారమున్నది నీకు."

పక్కన కూర్చున్న ఆడవారు నవ్వారు. "టైమెంతాయెనే మాసన్న ఇంట్ల?" అని ఒకామె వెనుక నుండి అరిచింది.

ఈ అదనులో వేరే గుంపు దొరకదు. నేను, నా భార్య తిరుపతమ్మ చేయగలిగినంత చేస్తున్నాము. ఒక మూల అద్దుకుంటూ వచ్చేసరికి ఇంకొక మూల పూలు ఎర్రబడి రాలుతున్నాయి. "గడియారం ఇంట్ల అడుగువెట్టినకాడికెల్లి మనకు టైము బాగలేదు, తీసి బర్రెల కొట్టంల తగిలియ్యి" అని తిరుపతమ్మ అన్నది. తగిలించాను. తమరు వచ్చినప్పుడు అక్కడ చూసుకోగలరు.

7. నియమావళి పుస్తకం వెనుక ఉన్న నంబరుకు గద్వాల బస్టాండు నుండి ఫోను చేశాను. ఒకామె ముందు ఇంగ్లీషులో, తరువాత హిందీలో మాట్లాడి ఎంప్లాయీ నంబరు అడిగింది. నాకు అది లేదు. పెట్టె నంబరు చెప్పాను. పేరు చెప్పలేదు. ఆ వారంలోనే ఫీల్డు ఆఫీసరు బోరింగు దగ్గర నన్ను ఆపి, "ఏమన్నా ఉంటే నాకు చెప్పండి, హైదరాబాదు దాకా ఎందుకు?" అన్నాడు. కనుక తమ కార్యాలయంలో ఎవరికి ఎవరు తెలుసో నాకు తెలియదు. తమరికి నాగప్ప గారు ఎంతవరకు తెలుసో కూడా తెలియదు. సభ నాడు తమరు భోజనం ఎక్కడ చేశారో మాత్రం తెలుసు.

కావున తమరు ముందుగా ఎవరికీ కబురు చేయకుండా స్వయంగా వచ్చి, పెట్టె తెరిచిన నాడు ఏం జరిగిందో ఫీల్డు ఆఫీసరు చేత ఊరి ముందర చెప్పించాలి. చెప్పింది నేను కాదన్న మాట ఆ గుంపు చెవిన పడాలి. తాళంచెవి నాగప్ప గారి మేడ దిగాలి, పెట్టె నా గోడ దిగాలి. నా గింజలు కొనే ముందు పరీక్షకు పంపేటప్పుడు శాంపిలుకు నా కళ్ల ముందర సీలు వేయాలి. ఈ అర్జీ తరువాత అది ఫెయిలైతే ఎందుకైందని నేను అడగక మానను. పూత ఇంకా ఉన్నది. అది అయిపోయినాక తమరు వచ్చినా, నిజం తేలినా, నా చేనికి ఒరిగేది లేదు.

నైతిక ప్రవర్తన అధికారి గారికి ఇంతకన్నా విప్పి రాయడం బాగుండదు. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. మాసయ్య
రైతు ప్రతినిధి (ఇప్పటి వరకు)

తా.క. రాసినది తిరుపతమ్మకు చదివి వినిపించాను. "హైద్రాబాదు సారుకు ఎన్కసీరి పంపొచ్చు. ముందుగాల ఆమెకు సదివి చెప్పు. నీ పంచాయితి ఆమెతోని గద" అన్నది. ఆ సాయంత్రమే పోయి, వాకిట్లో కూర్చొని, మొదటి నుండి చదివాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నది. అయిపోయినాక అడిగింది.

"నా పేరు యాడ రాలేదేందన్నా?"

"చెప్పనన్న గద అక్కా."

"హైద్రాబాదుకు గూడ చెప్పవా?"

"చెప్ప."

మిగిలిన కాయలకు కూడా ఈనెలు తీసింది. తరువాత, "పేరు దాసుకుంటే ఏం మిగిలె, ఉన్న పనే పాయె. రాయి. జోగులమ్మ అని రాయి. నా మొగని పేరు రాయకు, ఆయనకు దీంతోని పని లేదు" అన్నది. గాలి అటు పోతుంది కూర్చోండి అన్నది నాగప్ప గారు కాదట, దగ్గర నిలబడి మందు కొట్టించిన ఆయన బామ్మర్ది అట. ఉన్నది ఉన్నట్టు రాయమన్నది. నాలుగవ అంశంలో ఆ మేరకు సవరించుకోగలరు. కింద ఉన్న వేలిముద్రలలో మొదటిది ఆమెది, మిగతా రెండు వాంతులైనవారివి.

తమరు విచారణకు వస్తే పెట్టె తెరవనవసరం లేదు. జోగులమ్మను పిలిస్తే వచ్చి చెబుతుంది. పొద్దున పూట మాత్రం పిలవవద్దు. ఎండ ఎక్కేదాకా ఆమె గుంపు నా చేనిలో ఉంటుంది.