పటంలోని ముసలి పసివాడు

హారో, 9 నవంబరు 2014, ఆదివారం

కళ్లు మూసుకుంటే ఇంకా ఆ పటమే. నేను పనిచేసే కేర్ హోమ్‌లో మార్గరెట్ గారి గది గోడ మీదుండే పాత జపాన్ బొమ్మ పటం. అందులో, అమ్మానాన్నలకు తమ వయసు గుర్తు రాకూడదని, డెబ్బై ఏళ్ల కొడుకు పసివాడి బట్టల్లో వాళ్ల ముందు ఆడుతుంటాడు. రంగులు వెలిసి, అందరూ పొగమంచులో తేలుతున్నట్టుంటారు. నాకది వెర్రిగానే అనిపించేది.

ఈరోజూ ఆవిడ సూప్ ముట్టలేదు. చూడడానికొచ్చిన కొడుకు పీటర్ పటం వైపు చాలాసేపు చూసి, బట్టల మీద ఒలక్కుండా ఆవిడకు కట్టే బిబ్ తన మెడకు కట్టుకున్నాడు. అంత బట్టతల పెద్దమనిషీ నేల మీద చతికిలబడి నోరు తెరిచాడు. ఆవిడ పకపకా నవ్వి, అతనికో చెంచా పెట్టి, తానొకటి తాగింది.

మా అమ్మ ముందు నేనలా కూర్చోగలనా...

గిన్నె సగమయ్యాక ఆవిడ అతని బుగ్గ తుడిచింది. "మీ అమ్మ ఎక్కడ, బాబూ?"

"ఇప్పుడే వస్తుంది" అని, మళ్లీ నోరు తెరిచాడు.