గోతిలోకి దిగని చట్టం

అమ్మకు,

ఇక్కడ నేను క్షేమం. కుక్క క్షేమం. రస్సెల్ మామయ్య కూడా క్షేమమే, నా బాధంతా అదే. ఒహాయోలో నువ్వూ పెద్దమ్మా బాగున్నారని తలుస్తాను. మోకాలి ఆపరేషన్ తరువాత పెద్దమ్మ నాలుగడుగులు వేస్తోందని రాశావు, సంతోషం.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వేళకు తింటున్నాను. వెనక గదిలో కారే చోట రేకు వేశాను. రంపపు మిల్లులో నన్ను పగటి షిఫ్టుకి మార్చారు. మామయ్యతో రాజీ పడ్డావా అన్నావు. పడలేదు. ఫోన్లో నీ దగ్గర ఏడ్చాడట. నాన్న శవపేటిక మోసినప్పుడూ ఏడ్చాడు. అప్పుడు నేను నమ్మాను.

నీకు తెలియనిది చెబుతాను. ఊరి రోడ్డు కింద పైపు వేయడానికి నాన్న దిగి, మట్టి కూలి పోయిన ఆ గోతికి గోడలు ఆపే పలకలు లేవు. అవి కొందామంటే ఊరి పాలకవర్గంలో కూర్చుని వద్దన్నది మామయ్యే. నేను ముందు వాషింగ్టన్ వాళ్ళ, అంటే కేంద్ర ప్రభుత్వపు, కార్మిక భద్రతా కార్యాలయానికి ఫోన్ చేశాను. "మీ నాన్న ఏదైనా కంపెనీ మనిషైతే మేం వచ్చేవాళ్ళం బాబూ. ఊరి ఉద్యోగి కదా, మీ రాష్ట్రాన్ని అడుగు" అన్నారు. రాష్ట్రం వాళ్ళేమో, "ఊరికి జరిమానా వేసే అధికారం మాకు లేదు, శాసనసభ ఇవ్వాలి" అన్నారు. శాసనసభలో అలాంటి బిల్లులు చూసే కమిటీకి అధ్యక్షుడూ నీ తమ్ముడే.

లైబ్రరీలో కూర్చుని రాజ్యాంగం చదివాను, ఆ తరువాత సభ నియమాలు చదివాను. రెండోదే పనికొచ్చింది. థేయర్ అనే సభ్యురాలు ఆ అధికారం ఇచ్చే బిల్లు పెట్టి, దానికి ఆర్లో హాస్కెల్ అని నాన్న పేరే పెట్టింది. విచారణలో మామయ్య, "గొయ్యి ఎలా తవ్వాలో మన ఊళ్ళకు రాజధాని నేర్పక్కర్లేదు" అన్నాడు. వాషింగ్టన్ ఏదైనా చెబితే రాష్ట్రం హక్కు అంటాడు. రాష్ట్రం చెబితే ఊరి హక్కు అంటాడు. ఊళ్ళో చచ్చినవాడి హక్కు ఎవరి దగ్గరుందో మాత్రం చెప్పడు.

తరువాత ఆ బిల్లును ఎవరికీ పేచీ లేని బిల్లుల కట్టలో తోశాడు. ఆ కట్టలో కమిటీ వద్దన్న బిల్లులన్నిటినీ సభ ఒక్క మూజువాణి కేకతో చంపేస్తుంది, ఎవరు చంపారో ఎక్కడా ఉండదు. నేను థేయర్ గారి వెంటపడి బిల్లును ఆ కట్టలోంచి బయటికి లాగించాను. పేరుపేరునా ఓటు అడిగించాను. పైన గ్యాలరీలోంచి చూస్తుండగా బోర్డు మీద మామయ్య పేరు పక్కన, బిల్లు వద్దంటూ, ఎర్ర దీపం వెలిగింది. బిల్లు పోయింది. కాని ఎవరు చంపారో ఊరంతా చూసింది.

నడవలో నన్ను పట్టుకున్నాడు.

"ఒరే, మీ నాన్న పేరు అడ్డం పెట్టుకుని నలుగురిలో నా పరువు తీస్తావా?"

"పరువు నీదే, ఓటూ నీదే మామయ్యా. నేను దీపం వెలిగించానంతే."

"చిన్నప్పుడు నిన్ను ఈ భుజాల మీద మోశానురా."

"నాన్ననూ మోశావుగా."

నాకు హాయిగా అనిపించింది. అందుకు సిగ్గుపడడం లేదు.

ఇప్పటిదాకా దాచింది ఇది. సోమవారం టౌన్ క్లర్కు బెర్నిస్ ముందు రెండు డాలర్ల రుసుము పెట్టి, శాసనసభలో మామయ్య సీటుకు ఆయన మీదే పోటీకి పేరు రాయించాను. అవతలి పార్టీకి ఇన్నేళ్ళుగా మనిషే దొరకలేదు, ఆ చోటు నాకిచ్చారు.

"మీ అమ్మకు తెలుసా నాయనా?" అంది బెర్నిస్.

"రాస్తాను."

"ఆవిడ ఆ కవరు చింపేటప్పుడు నేను ఆ దరిదాపుల్లో లేనందుకు దేవుడికి దండం."

గెలిస్తే ఆ బిల్లే మళ్ళీ తెస్తాను. కాని నీతో అబద్ధమెందుకు, ముందు ఆయన ఓడిపోవాలి. టౌన్ హాల్లో అందరి మధ్యా నిలబడి, తన ఓటమి అంకెలు తన చెవులతో వినాలి.

నవంబరుకు నువ్వింకా అక్కడే ఉంటావు కనుక, పోస్టులో ఓటు వేసే దరఖాస్తు దీనితో పంపుతున్నాను. సంతకం చేసి బెర్నిస్‌కు పంపితే ఓటు కాగితం వస్తుంది. అందులో నీ తమ్ముడి పేరూ నీ కొడుకు పేరూ ఉంటాయి. ఒక్కటే నింపాలి. ఎవరికి వేశావని చట్టం అడగదు, నేనూ అడగను. కాని ఇద్దరూ నావాళ్ళేనని ఆ కాగితం ఖాళీగా పంపావంటే మాత్రం, అమ్మా, ఆయనకు వేశావనే అనుకుంటాను.

ఇట్లు,
ఆర్లో కొడుకు,
కార్విన్