మగ్గాల హోరులో నేర్చిన మాట

పాస్టరు తమ్ముడికి,

వందనాలు చివర్లో చెబుతాను. సమ్మెలు చేసిన నాలాంటి మిల్లు మనిషి సంఘంలో పరిచర్యకు పనికిరాదన్నావు కదూ? కూలి అడగడం ఎప్పటినుంచి పాపమైంది?

ఆ మిల్లులో మగ్గాల హోరుకి మాట వినపడక, ఇరవై ఏళ్లు పెదవులు, చేతులు కదుపుతూనే కబుర్లు చెప్పుకున్నాం. చెవుడొచ్చిన మన దర్జీ, నీ ప్రసంగం ఒక్క ముక్కా అందక, ఆరేళ్లుగా వెనక బల్ల మీద ఊరికే కూర్చుంటోంది. నిన్న ఆమె ఎదుట కూర్చుని నీ ప్రతి మాటా అలాగే పెదవులతో, చేతులతో అందించాను. "దేవుడు నాతోనూ మాట్లాడాడక్కా!" అని అరిచింది. నువ్వే ఉలిక్కిపడ్డావు.

నన్ను ఆ మిల్లులో పెట్టిందెవరు, సాతానా?

వచ్చే ఆదివారం తనలాంటి నలుగుర్ని తెస్తోంది. ముందు బల్ల ఖాళీ చేయించు. నువ్వు బోధించు, నేను వినిపిస్తాను.

ఇప్పుడు వందనాలు.

నీ అక్క