తప్పు బండిదే

మార్చి 2, ఆదివారం

ఈరోజు నా పరువు నడిరోడ్డు మీద పడింది. అదీ లేని రోడ్డు మీద.

రాయడం నాకు పెద్దగా రాదు. ట్రిప్పు షీట్లు తప్ప ఏమీ రాయలేదు. కానీ ఇది లోపలే పెట్టుకుంటే అన్నం అరిగేలా లేదు.

నేను లారీ డ్రైవర్ని. మాజీ డ్రైవరని ఎవరైనా అంటే ఊరుకోను. రెన్యువల్‌కి పోతే కళ్ల డాక్టరు కాగితం మీద సంతకం పెట్టలేదు. ఎడమపక్క చూపు తగ్గిపోతోందట. ఆ గదిలో లైటు సరిగ్గా లేదు, మళ్లీ చూడవయ్యా అన్నాను. లైటు బాగానే ఉంది పెద్దాయనా అన్నాడు. లైసెన్సు పోయింది.

గోడ చూస్తూ కూచోలేక, కొడుకు పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్ తీసుకున్నాను. అందులో లారీ నడపొచ్చు. గేమ్ అంటారు వీళ్లు. స్టీరింగ్ కొని డైనింగ్ టేబుల్‌కి బిగించాను, కింద పెడల్స్ పెట్టాను. ఆదివారం పొద్దున కొంతమందిమి ఎవరింట్లో వాళ్లం హెడ్‌సెట్ పెట్టుకుని వరసగా పోతాం. కాన్వాయ్ అంటారు. అందరికంటే ముందు లీడరమ్మ. ఆమె ఎవరో, ఏం చేస్తుందో తెలియదు. గొంతు మాత్రం టోల్‌గేటులా ఉంటుంది, ఆగమంటే ఆగాల్సిందే. ఆమె వెనక బండి నాది. నేను తోలే తీరు చూసి ఇచ్చిన చోటు అది.

ఈరోజు రెండు రోడ్లు కలిసే చోట ఎడమపక్క నుంచి వచ్చిన కారును గుద్దాను. నా వెనక బళ్లన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. బుల్లెట్ అనేవాడు, పేరు వాడే పెట్టుకున్నాడు, తాతా కళ్లజోడు ఇంట్లో మర్చిపోయావా, అయ్యో నువ్వున్నదే ఇంట్లో కదా అన్నాడు. అందరూ నవ్వారు. హెడ్‌సెట్‌లో నవ్వితే చెవిలోనే నవ్వుతారు, తప్పించుకోలేం.

బొమ్మ ఆగి ఆగి వచ్చిందని చెప్పాను. నిజంగానే వచ్చింది. లీడరమ్మ అంతా విని, పెద్దాయనా, తప్పు మీ సిస్టమ్‌దో మీదో తేల్చుకోండి, ఇంకోసారి ఇలా జరిగితే కాన్వాయ్‌లోకి రాకండి అంది.

తేలుస్తాను. తప్పు బండిదే.

మార్చి 3

కొడుక్కి చెప్పాను. నాన్నా దాని ఆయుష్షు అయిపోయింది, కొత్తది కొనిస్తాను, ఆ డొక్కు పారెయ్యి అన్నాడు. బండిని డొక్కు అనడం నేర్పింది ఎవర్రా నీకు అన్నాను. నా బండి నేను చేయించుకుంటాను. వాడు కొనిచ్చిన బండి తోలితే ప్రతి గీతకీ వాడికి జవాబు చెప్పాలి.

మా ఆవిడ వంటింట్లోంచి, ముందు నా డైనింగ్ టేబుల్ ఖాళీ చెయ్యవయ్యా, పెళ్లయినప్పటి నుంచి బానెట్ మీద తిన్నావు, ఇప్పుడు మేమంతా స్టీరింగ్ మీద తింటున్నాం అంది.

మార్చి 4

రిపేరు షాపుకి పోయాను. షాపు నడిపే ఆమె కళ్లకు భూతద్దం కట్టుకుని ఒక ఫోను పొట్ట విప్పి చూస్తోంది. తలెత్తకుండానే విషయం అడిగింది. ర్యామ్ చాలదు, హార్డ్ డిస్క్ పాతది, ఎస్‌ఎస్‌డీ అని కొత్తరకం డిస్కు వేస్తే బండి పరిగెడుతుంది అంది. బండి అంది. ఆ మాటతో ఆమె మీద గురి కుదిరింది.

గ్రాఫిక్స్ కార్డు కూడా మార్చమన్నాను. అది బోర్డులోనే అతికి ఉంటుంది బాబాయ్, మారదు అంది. ఇంజను మారదన్నమాట. సరే. అరిగిన ఇంజనుతో ఘాట్లు ఎక్కించినవాణ్ని.

మార్చి 6

ల్యాప్‌టాప్ పెట్టేసి వెళ్లండి, సాయంత్రం రండి అంది. వెళ్లలేదు. షెడ్డులో బండి వదిలి పోయిన డ్రైవరు డ్రైవరే కాదు. వెనక్కి వచ్చేసరికి కొత్త టైరు ఉండాల్సిన చోట పాత టైరు ఉంటుంది. స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూచున్నాను. నా మీద నమ్మకం లేదా బాబాయ్ అంది. ఉంది, అందుకే కూచున్నా, లేకపోతే నించునేవాణ్ని అన్నాను. నవ్వింది. టీ తెప్పించింది.

వెనక మూత తీసింది. ఫ్యాను నిండా దుమ్ము, రేడియేటర్‌కి పట్టినట్టు పట్టింది. బ్రష్షుతో దులిపింది. ర్యామ్ ముక్క ఇంకోటి గుచ్చింది, పాత డిస్కు తీసి చేతికిచ్చింది. ఎస్‌ఎస్‌డీ చూస్తే నవ్వొచ్చింది, చూయింగ్ గమ్ ముక్కంత ఉంది. లోపల తిరిగేది ఏమీ ఉండదట. తిరగనిది ఎలా పరిగెడుతుందో నాకు అర్థం కాలేదు, కానీ ఇంటికొచ్చి ఆన్ చేస్తే, కుర్చీ ముందుకు జరుపుకునేలోపే తెర వచ్చేసింది.

మా ముసలిదాన్ని పిలిచి చూపించాను. ఇంత త్వరగా నువ్వెప్పుడైనా నిద్ర లేచావా అంది.

మార్చి 8

గంట తోలితే వేడెక్కుతోంది. చెయ్యి పెడితే సైలెన్సర్ మీద పెట్టినట్టే. వేడెక్కితే స్పీడు తగ్గించుకుంటుందట, బొమ్మ మళ్లీ ఆగుతోంది. వీడియోలో చూశాను, ప్రాసెసర్ మీద పేస్టు ఎండిపోతే ఇలా అవుతుంది, కొత్త పేస్టు పెట్టుకోవాలి. రేపు ఆదివారం. షాపు మూసేసింది. నేనే విప్పాను. స్క్రూలు ఏ వరసలో తీశానో ఆ వరసలో కాగితం మీద పేర్చాను.

బజార్లో ఇంకో షాపులో కొన్న పేస్టు పిల్లలకి సూదిమందు వేసేంత సిరంజిలో వచ్చింది. ఇంత చిటికెడు మందుకి అంత పేరా అనుకున్నాను. పిసినారితనం ఎందుకు? బేరింగుకి గ్రీజు దట్టించినట్టు దట్టించాను. చుట్టూ వేలితో అద్ది, మిగిలింది కూడా పిండి, మూత పెట్టి గట్టిగా బిగించాను. పక్కల నుంచి బయటికొచ్చింది. బేరింగులో గ్రీజు బయటికొస్తేనే నిండినట్టు లెక్క. తృప్తిగా చేతులు కడుక్కున్నాను.

మార్చి 9, ఆదివారం

ఆన్ కాలేదు. కాన్వాయ్ నేను లేకుండా వెళ్లింది.

మార్చి 10

షాపామె మూత తీసింది. బాబాయ్, కేకు మీద క్రీము రాశారా అంది. గ్రీజు కథ చెప్పాను. ఇది రాపిడి తగ్గించడానికి కాదు, రెండు లోహాల మధ్య సందు పూడ్చడానికి, గోరు మీద చుక్కంత చాలు, ఎక్కువైతే వేడి బయటికి పోదు అంది. పైగా మీరు తెచ్చిన పేస్టులో కరెంటు పారుతుంది, అదృష్టం బాగుండి బోర్డు కాలలేదు అంది. మధ్యాహ్నం దాకా స్పిరిటులో ముంచిన పుల్లతో సందు సందూ తుడిచింది. నేను స్టూలు మీద కూచుని టార్చి పట్టుకున్నాను. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. పార్టు దొరకలేదని చెప్పాను.

మార్చి 12

కూలింగ్ ప్యాడ్ తెచ్చాను. కింద రెండు ఫ్యాన్లు తిరుగుతాయి. వైఫై మీద నమ్మకం లేక హాల్లోంచి ల్యాన్ కేబుల్ లాగాను. ముసలిది దాన్ని తట్టుకుని పడబోయింది. ఇది ఇల్లా, కరెంటాఫీసా, అన్నేళ్లూ లారీతో ఎవర్నీ చంపలేదు గానీ నన్ను మాత్రం వైరుతో చంపేలా ఉన్నావు అంది. కేబుల్ గోడ వారగా మేకులు కొట్టి సర్దాను.

ఇక అనడానికి ఏ లోపమూ లేదు. మౌసు కూడా కొత్తదే.

మార్చి 14

ఒంటరిగా ట్రయల్ వేశాను. నీళ్ల మీద పడవ పోయినట్టు పోయింది. ఎక్కడా ఆగలేదు. వంతెన కింద నీడ కూడా లారీ మీదుగా జారిపోవడం కనిపించింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తెర కాంతి వల్ల.

కొడుకు వెనక నిలబడి చూసి, బాగుంది నాన్నా అని ఊరుకున్నాడు. వాడు ఊరుకున్నాడంటే నేను గెలిచినట్టే. ఇప్పుడు బండికి శక్తి మిగిలింది కాబట్టి నడుస్తుండగానే తెర మొత్తం రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ కూడా వాడి చేత వేయించాను. ఎల్లుండి ఎవడైనా నోరెత్తితే సాక్ష్యం వాడి మొహాన కొడతాను.

మార్చి 16, ఆదివారం, ఉదయం పది

మళ్లీ గుద్దాను.

బొమ్మ ఆగలేదు. వేడెక్కలేదు. నెట్ పోలేదు. ఆ తెల్ల కారు ఆకాశంలోంచి ఊడిపడింది. నేను అదే చెప్పాను. బుల్లెట్ ఈసారి నవ్వలేదు. తాతా, వదిలెయ్యి అన్నాడు మెల్లగా. వాడు వెక్కిరించినప్పుడే బాగుంది. నా దగ్గర రికార్డు ఉంది, సాయంత్రం పంపిస్తాను, కారే వచ్చి నా మీద పడింది, అందరూ చూడండి అన్నాను. లీడరమ్మ సరే, చూశాకే మాట్లాడతాను అంది.

అదే రోజు, మధ్యాహ్నం

పంపే ముందు ఇంట్లోవాళ్లకి చూపిద్దామని కొడుకునీ ముసలిదాన్నీ కూచోబెట్టాను. చూడండి, ఎక్కడైనా కారుందా, చెప్పండి అన్నాను.

ఉంది అంది ముసలిది.

ఇంకా గుద్దనేలేదు, అప్పుడే ఎక్కడుందే అన్నాను. అదిగో, ఎడమపక్క అద్దంలో, ఇందాకటి నుంచీ నీతోపాటే వస్తోంది, హారన్ కూడా కొడుతోంది పాపం అంది. కొడుకు నేల చూశాడు.

వెనక్కి తిప్పి చూశాను. లేదు. మళ్లీ తిప్పాను. తల పూర్తిగా ఎడమకి తిప్పి చూస్తే ఉంది. తెల్లగా, ఇంత పెద్దది. తల తిన్నగా పెడితే లేదు. అటూ ఇటూ చాలాసార్లు తిప్పాను. కారు వస్తోంది, పోతోంది, వస్తోంది.

రికార్డు పంపలేదు.

మార్చి 17

రాయడానికి ఏమీ లేదు.

మార్చి 18

స్టీరింగ్ నట్లు విప్పాను. టేబుల్ చెక్క మీద గుంటలు పడ్డాయి. ముసలిది ఆ గుంటల మీద గుడ్డ పరిచింది. ఒక్క మాటా అనలేదు. ఆమె అనకపోతే ఇల్లంతా ఎవరో పోయినట్టుంది.

మార్చి 19

షాపామె ఫోన్ చేసింది. బండి ఎలా పరిగెడుతోంది బాబాయ్ అని. బండికేమమ్మా, బంగారంలా ఉంది అన్నాను. నిజమే చెప్పాను. పెట్టేశాను.

మార్చి 20

ఈరోజు గొడవైంది. మంచి గొడవ.

ల్యాప్‌టాప్ కొడుక్కి తిరిగి ఇచ్చేయమన్నాను. ముసలిది గరిటె పట్టుకునే బయటికొచ్చింది. ఏమయ్యా, అన్నేళ్లు లారీ తోలావు, ఎడమపక్క ఎప్పుడైనా నువ్వు చూశావా అంది. చూడకుండా ఎలా తోలతారే బుర్ర తక్కువదానా అన్నాను. ఆ పక్క తలుపు పట్టుకుని, తల బయటపెట్టి, పోనీ పోనీ, ఆగు ఆగు అని గొంతు చించుకున్నది ఎవరు, నువ్వా, క్లీనరా అంది. ఆ మనిషి గొంతుతో బతికి, కంటితో బతికానని చెప్పుకుంటున్నావు, ఇప్పుడు ఒక్కడివే ఎక్కి కూచుని కనబడలేదని ఏడుస్తావేంటి అంది.

నాకు కోపం ముంచుకొచ్చింది. బూతు కూడా నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

ఎన్ని బళ్లు మార్చాను, ఏ బండీ క్లీనరు లేకుండా కదపలేదు. ఎడమపక్క నాది కాదు. ఎప్పుడూ కాదు. ఆ చూపు ఎప్పుడు తగ్గడం మొదలైందో నాకు తెలియకపోవడానికి అదే కారణం కావచ్చు.

అయితే వచ్చి కూచో అన్నాను. నేనా, నాకు లారీ అంటే వాంతులు, ఏ రోజైనా ఎక్కించావా నన్ను అంది. ఇప్పుడు ఎక్కిస్తున్నాగా అన్నాను. గరిటె చూపించి లోపలికి పోయింది. పొయ్యి కట్టేసి మళ్లీ వచ్చింది.

మార్చి 21

ప్రాక్టీసు. ఆమె ఎడమపక్క కుర్చీలో. మొదట ప్రతిదానికీ కేక వేసింది. చెట్టు, చెట్టు అంది. చెట్టు రోడ్డు మీదికి రాదే అన్నాను. కుక్కని చూసి పాపం అంది. కాసేపటికి పట్టు చిక్కింది. కారు, దగ్గరికొస్తోంది, ఉండు, ఇంకా ఉండు, ఇప్పుడు పోనీ. గేటు దగ్గర రివర్సు వేయించింది. స్తంభానికి బెత్తెడు దూరంలో ఆపించింది. మంచి క్లీనరు. జీతం అడిగింది.

కొడుకు ఇంకో హెడ్‌సెట్ కొనుక్కొచ్చాడు. ఇది నీకు కాదు నాన్నా, అమ్మకి అన్నాడు. తీసుకున్నాను. స్టీరింగ్ మళ్లీ అవే గుంటల్లో బిగించాను.

మార్చి 22

లీడరమ్మతో హెడ్‌సెట్‌లోనే విడిగా మాట్లాడాను. తప్పు సిస్టమ్‌ది కాదమ్మా, నాది, ఎడమపక్క నాకు కనబడదు అని చెప్పాను. ఈ మాట పైకి అనడం ఇదే మొదలు. ఇప్పుడు క్లీనరు ఉంది, ఒక్క ట్రిప్పు ఇవ్వు, గీత పడితే నేనే దిగిపోతాను అన్నాను.

ఆమె ఆలోచించి, రెండో చోటు ఇవ్వలేను పెద్దాయనా, అందరికంటే వెనక రండి అంది. జీవితంలో ఎవడి వెనకా చివరి బండిగా పోలేదు నేను. సరే అన్నాను. మళ్లీ అడిగింది, క్లీనరు ఎవరండీ అని. పాత మనిషే, బండికే కొత్త అన్నాను.

మార్చి 23, ఆదివారం

రెండు రోడ్లు కలిసే చోటు వచ్చింది. ముసలిది ఆగు అంది. ఆగాను. ఖాళీ, పోనీ అంది. పోనిచ్చాను.

తెరలో వాన మొదలైంది. నా పక్క తలుపు అద్దం ఎత్తవయ్యా, తడుస్తున్నాను అంది.

ఎత్తాను.