చుట్టు తిప్పి కట్టిన రింగులు

ఆదివారం, రాత్రి

చేప గుంజంగనే గాలం రాడ్ చేతిల మెలి తిరుగుతాందని అన్న శానా రోజుల సంది ఒకటే గొడవ. ఆ రాడ్ నేను కట్టి ఇచ్చిందే గదా, తప్పు నాదే అనుకున్న. లైన్ దారం పోయే రింగులన్నీ ఊడదీసిన. రీల్ దగ్గర పైన మొదలువెట్టి, పక్క నుంచి కిందికి చుట్టు తిప్పి మళ్ల కట్టిన. అట్ల కడితే లైన్ ఎంత గుంజినా రాడ్ మెలి తిరగది. ఇంట్లనే లైన్ కొసకు నీళ్ల సీసా ఏలాడదీసి చూసిన. వంగింది గని తిరగలే.

పొద్దున ఇద్దరం హసన్‌పర్తి చెరువుకు పోయినం. ఇంక గాలం నీళ్లల్ల వెయ్యనే లేదు, అన్న చేతిల రాడ్ పక్కకు ఒరిగింది. సక్కగ పట్టుకున్నడు. మళ్ల ఒరిగింది. అప్పుడు రాడ్‌ను చూసుడు ఇడిసిపెట్టి ఆయన వేళ్లను చూసిన. పట్టు నిలుస్తలేదు.

"దవాఖానకు పోదామే అన్నా" అని మెల్లగ అడిగిన.

"నా చేతికేమైందిరా? నీ రింగులే సక్కగ లేవు. మొదటిది ఇంక జర పక్కకు కట్టు" అన్నడు, నా మొఖం చూడకుంట.

బాపుకు గూడ రోగం ముందుగాల చేతిలకెల్లి చాయ గిలాస జారుడుతోనే షురువైంది. ఆ సంగతి అన్నకు యాదికి లేదా? ఎందుకుండదు...

సరే అని చెప్పిన. ఇప్పుడు మొదటి రింగు ఊడదీస్తాన.