బత్మానా, జూరానా

ఏవండీ,

కొండమీద మేతలో మీరూ గొర్రెలూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నా మనసే ఒక దారిలో లేదు.

మీ తమ్ముడి భార్య జిపార్ మాట నిలబెట్టుకుంది. పిల్లలు లేని అన్నగారింటికి ఒక బిడ్డనివ్వడం మనవాళ్లలో కొత్తేం కాదు. కానీ కవలలు బత్మా, జూరా ఇద్దరినీ నా ముందు పడుకోబెట్టి "నీకు నచ్చినదాన్ని నువ్వే తీసుకో అక్కా" అంటుందని అనుకోలేదు. ఇన్నేళ్లూ ఒక్క బిడ్డ కోసం ఏడ్చినదాన్ని, ఇద్దరిని చూసేసరికి తెల్లబోయాను.

అప్పట్నుంచీ వాళ్ల పొయ్యి పక్కనే కూర్చుని చూస్తున్నాను. బత్మా ఆవలిస్తే ముద్దొస్తుంది. జూరా కూడా అలాగే ఆవలిస్తుంది, కాబట్టి అది లెక్కలోకి రాదు. కళ్లు, బుగ్గలు, తల వాసన, అన్నీ ఇద్దరికీ ఉన్నవే కదా అని పక్కన పెట్టేశాను. చివరికి బత్మాకి వంకర కాలివేలు మిగిలింది, జూరాకి తెల్లవార్లూ ఏడుపు. ఇప్పుడు ఒకతె అంటే వేలు, ఇంకొకతె అంటే ఏడుపు. ఇద్దరూ వద్దనిపిస్తోంది. రాయడానికే సిగ్గుగా ఉంది. నేను తల్లినవడానికి పనికిరానేమో!

అత్తయ్య ఊరుకుంటుందా? "గుర్రాల సంతకొచ్చావేంటే? పళ్లు చూద్దామన్నా ఇంకా మొలవలేదుగా!" అంది. అందరితోపాటు నేనూ నవ్వాను. తర్వాత బయటికెళ్లి ఏడ్చాను.

ఎవరిని తెమ్మంటారు? ఎవరూ వద్దని చెప్పి వచ్చేయనా?

మీ సైరా

*

ఏవండీ,

మీ జవాబు రాకముందే అయిపోయింది.

నిన్న జిపార్ ఒక బిడ్డను సూదిమందుకని ఆసుపత్రికి తీసుకెళ్లింది. రెండోదాన్ని మెడదాకా గుడ్డలో చుట్టి నా ఒడిలో పెట్టింది. ఎవరో అడగడం మరిచిపోయాను. కాసేపటికి అది ఆవలించింది. పక్కన పెట్టేసిన కళ్లు, బుగ్గలు, తల వాసన అన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. పోల్చడానికి పక్కన ఇంకొకరు లేరు. ఎంత అందంగా ఉందండీ!

జిపార్ రాగానే "ఇదే" అన్నాను.

"ఇదెవరో తెలుసా అక్కా?"

"చెప్పకు. చెబితే మళ్లీ మొదలెడతాను."

జిపార్ నా పక్కన కూలబడింది. "నేనూ చూశానక్కా, ఎవర్ని ఇద్దామా అని. ఇద్దర్లో ఒక్క వంకా దొరకలేదు. అందుకే నీ నెత్తిన పెట్టా" అంది.



బయల్దేరుతుంటే తన దగ్గరుండే బిడ్డను నా ముఖం దగ్గరికి తెచ్చింది. "దీన్ని కూడా ఓసారి ముద్దు పెట్టుకో అక్కా."

కళ్లు గట్టిగా మూసుకుని పెట్టుకున్నాను.

మీ బిడ్డ తల్లి,
సైరా